ఎర్రచుక్క పెట్టిన నట్టు

జూన్ 4

నన్ను అడగకుండా నా ఇంజనుని తుక్కుకి వేస్తానని మాటిచ్చావు.

ఆ సంగతి నువ్వు చెప్పలేదు. మీ ఊరికీ మా షెడ్డుకీ స్పేర్ పార్టులు వేసే సప్లయరు చెప్పాడు. బేరింగుల డబ్బా నా చేతికిస్తూ, "మీ మేనత్త కారుకి వేరే ఇంజను ఎక్కిస్తున్నారటగా, పాతది ఇక తుక్కుకేగా" అన్నాడు. రేపు సెలవటగా అన్నట్టు అన్నాడు. నేను డబ్బాని గట్టిగా పట్టుకునే ఉన్నాను. వదిలితే వాడి కాలి మీద పడేది.

ఫోను ఎందుకు చేయలేదో నీకు తెలుసు. నేను గొంతు పెంచగానే "సిగ్నల్ లేదే" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని పెట్టెయ్యలేవు. చింపొచ్చు, కానీ చింపే ముందు చదువుతావు.

మర్చిపోయి ఉంటే గుర్తు చేస్తా. ఆ ఇంజను నేను కట్టాను. రెండున్నరేళ్ళ కింద, నీ వరండా పక్కన రేకుల కింద, పదకొండు వారాలు. నాకెవరూ నేర్పలేదు. పాత పుస్తకం ఒకటి దొరికింది, అందులో నలభై ఒకటో పేజీ నుంచి అరవయ్యో పేజీ దాకా లేవు. ఆ ఇరవై పేజీలూ తప్పులు చేసి నేర్చుకున్నాను. రెండుసార్లు బిగించి రెండుసార్లు విప్పాను. మూడోసారి స్టార్టయ్యాక నువ్వు బానెట్ మీద చెయ్యేసి, "నిద్రపోతున్న పిల్లలా ఊపిరి తీస్తోందే" అన్నావు. అది నీ మాట, నాది కాదు.

బిగించిన ప్రతి నట్టు మీదా ఎర్రరంగు చుక్క పెట్టాను. సగం నట్టు మీద, సగం దాని పక్కన. ఎవరైనా పానా పెట్టి తిప్పితే చుక్క విరిగి రెండవుతుంది. పనివాళ్ళు పెట్టుకునే గుర్తు అది. ఇది నా చేతి పని, నన్ను అడగకుండా ముట్టుకోవద్దు అని దాని అర్థం. నీకు నోటితో కూడా చెప్పాను, ఒక్క నట్టు కూడా ముట్టుకోనివ్వకని.

ఇక్కడ నాకు పనిచ్చింది కూడా ఆ ఇంజనే. పెద్దాయన, అంటే మా షెడ్డు యజమాని, మొదటిరోజు సర్టిఫికెట్టు అడిగాడు. లేదన్నాను. మరేం చేశావన్నాడు. మా అత్త కారు ఇంజను కట్టాను, నడుస్తోంది అన్నాను. ఇప్పుడు క్రాంకు ఇరుసులు నున్నగా అరగదీసే మెషిను మీద కూర్చోబెట్టాడు. పదిహేనేళ్ళ అనుభవం లేనివాళ్ళని ఆయన ఆ మెషిను దగ్గరికి రానిచ్చింది లేదు. నెలకోసారి నా పక్కన ఆగి "నడుస్తోందా" అంటాడు. "నడుస్తోందండీ" అంటాను. వెళ్ళిపోతాడు. మా ఇద్దరి మధ్యా ఉన్న మాటలు అంతే. వచ్చే నెల ఏం చెప్పమంటావు?

మీ ఊరి గుండు మెకానిక్ సంగతి నాకు తెలుసు. ఆయనకి బాగుచెయ్యడం కంటే మార్చడం సులువు. బల్బు పోతే దీపం మార్చమంటాడు, దీపం పోతే ఇల్లు మార్చమంటాడు.

నేను అడిగినవాటికి జవాబు రాయి. పొగ ఏ రంగు? చప్పుడు పైనా, కిందా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఆయిలు దీపం వెలుగుతోందా? నా చుక్కలు ఎన్ని చెరిగాయి? ఇంజనులో ఉన్న ఆయిలు కొంచెం సీసాలో పట్టి పంపు. ఇంజను బాగుచెయ్యాలా మార్చాలా అన్నది అది చూసి నేను చెబుతా.

పన్నెండో తారీఖులోగా జవాబు నా చేతిలో ఉండాలి. అప్పటిదాకా ఒక్క నట్టు కదిలినా నేను ఊరుకోను.

ఆ ఇంజను కట్టినదాన్ని


జూన్ 9

పానా పిల్లకి,

నీ ఉత్తరం నేను కార్లో ఉండగా అందింది. చదివే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను, అందుకని లెక్కల మాస్టారు పైకి చదివి వినిపించారు. "కోపం బాగా కుదిరింది, తప్పులు మూడే" అన్నారు. బల్బు సంగతి దగ్గర నవ్వారు కూడా.

మాస్టారు తెలుసుగా, మన వెనక వీధిలో ఉండేవారు. కిడ్నీలు పనిచెయ్యడం లేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి నేనే తీసుకెళ్తున్నాను. ఆసుపత్రి నలభై కిలోమీటర్లు. ఆయన ముందు సీట్లో కూర్చుని ప్రతి ట్రిప్పుకీ మీటరు చూసి నోటుబుక్కులో రాసుకుంటారు. ఎందుకండీ అంటే, లెక్క రాసేవాడికి చావు తొందరగా రాదు అంటారు. అది ఏ పుస్తకంలోదో నాకు తెలీదు, ఆయన సొంతమే అయ్యుంటుంది.

నువ్వు అడిగినవి. పొగ నీలం. చప్పుడు కింద. లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు, బయట ఎవరూ తియ్యనట్టు. వేడెక్కాక ఎక్కువ. ఆయిలు దీపం మలుపుల్లో వెలుగుతుంది, తిన్నగా పోతే ఆరుతుంది. అందుకని ఈమధ్య మలుపులు తక్కువున్న దారిలో పోతున్నాను. చుక్కలు ఒక్కటీ చెరగలేదు. దుమ్ము పడితే కనబడవని వారానికోసారి తడిగుడ్డతో తుడుస్తున్నాను.

పోయిన నెల వంతెన మీద ఆగిపోయింది. మధ్యలో ఆగింది, ఇటూ కాదు అటూ కాదు. యాభై నిమిషాలు ఎండలో కూర్చున్నాం. ఆలస్యంగా వెళ్ళినందుకు ఆసుపత్రివాళ్ళు డయాలసిస్‌లో ఒక గంట కోసేశారు, వెనకాల ఇంకొకరు ఉంటారుగా. మర్నాడు మాస్టారి కాళ్ళు చెప్పుల్లో పట్టలేదు. ఆయన నోటుబుక్కులో ఆ రోజు గళ్ళో గీత పెట్టుకున్నారు.

గుండు మెకానిక్ వచ్చి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. అడుగున బేరింగులు పోయాయన్నాడు. విప్పి బాగుచేస్తే పదిహేను రోజులు, వేరే ఇంజను ఎక్కిస్తే రెండు రోజులు. వెనకనుంచి గుద్దుకున్న కారు ఒకటి యార్డులో ఉందట, దాని ఇంజను బాగుందట. మాస్టారికి పదిహేను రోజులు లేవు, రెండు రోజులైతే సర్దుకుంటారు. నా లెక్క అంతే. నీకు చెబితే పని వదిలేసి పరిగెత్తుకొస్తావని చెప్పలేదు.

నా ఎడమ మోకాలికి కూడా డాక్టరు ఇదే అంటున్నాడు, బాగుచెయ్యాలా మార్చాలా అని. దాన్ని కూడా నిన్నడిగే తేలుస్తాను.

దగ్గుమందు సీసా కడిగి, ఆరబెట్టి, ఆయిలు పట్టి పంపుతున్నాను. మూత గట్టిగా బిగించాను. తలకిందులు చెయ్యకు.

వేళకి తిను.

మీ అత్త


జూన్ 13

మోసం జరిగింది. చేసింది నువ్వు కాదు. నీ చేత చేయించారు.

సీసా తలకిందులు చెయ్యొద్దన్నావు. చేశాను. దగ్గుమందు అంతకంటే తొందరగా కారుతుంది. అడుగున మిగిలింది చెంచాతో గీకాల్సి వచ్చింది. ఇది ఆయిలు కాదు, మడ్డి. ఏళ్ళ తరబడి ఆయిలు మార్చని ఏ లారీలోంచో తీసి గుండు మెకానిక్ నీ చేతికిచ్చాడు, నువ్వు నాకు పంపావు. నా ఇంజనులో ఇలాంటిది ఉండే వీల్లేదు. ప్రతి ముక్కా మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, తెల్లగుడ్డ మీద పరిచి కట్టినదాన్ని నేను.

ఈ ఉత్తరం మాస్టారి చేత చదివించుకుంటావు కదా. చదివించుకో. కానీ గుండు మెకానిక్‌ని ఎదురుగా నిలబెట్టి చదివించు. ఒక్క మాట వదలొద్దు. వాడు దొంగ. ఇంజను మార్పించడానికి ఆయిలు మార్చిన దొంగ. చెవికి స్క్రూడ్రైవరు పెట్టుకుంటే డాక్టరు అయిపోరు. నా చుక్కలు చెరపకుండా వాడు లోపలికి ఎలా దూరాడో నాకు తెలీదు, కానీ దూరాడు.

నేను సీసా చూస్తుండగా పెద్దాయన వచ్చాడు. ఎవరిదిది అన్నాడు. ఏదో లారీదండీ అన్నాను. మూత తీసి వాసన చూశాడు. "దీన్ని చూసుకున్నవాళ్ళని ఇంజను దరిదాపులకి రానివ్వకూడదు" అన్నాడు. నేనూ అవునన్నాను.

ఇంకొకటి. పరిగెత్తుకొస్తానని చెప్పలేదని రాశావు. నమ్మమంటావా? నేను వస్తే నీకు నామోషీ. బడి మానేసిన పిల్ల, చేతులకి ఎప్పుడూ నలుపు, ఆయిలు వాసన, వచ్చి మీ ఊరి మెకానిక్‌తో వీధిలో పోట్లాట పెట్టుకుంటుందని నీ భయం. మోకాలి గురించి రాసిన ముక్క ఎగతాళేనని నాకు అర్థమైంది. అంత తెలివితక్కువదాన్ని కాదు.

ఇంజను మార్చడానికి వీల్లేదు. బాగుచెయ్యాలి. బాగుచేసేది నేను. కారుని లారీ ఎక్కించి ఇక్కడికి పంపు. ఆరు రోజుల్లో కట్టి పంపుతా. ఆరు రోజులు మాస్టారు వేరే కార్లో వెళ్ళొచ్చు. వేరే ఇంజనుతో వెళ్ళగా లేనిది వేరే కార్లో వెళ్తే ఏమవుతుంది?

ఇరవయ్యో తారీఖులోగా కారు లారీ మీద ఉండాలి. ఉందని జవాబు ఉండాలి.

నీకు నామోషీ అయిన మేనకోడల్ని


జూన్ 18

మేనకోడలికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. గుండు మెకానిక్‌ని పిలిచి, వరండా మెట్టు మీద నిలబెట్టి చదివించాను. మాస్టారు రెండుచోట్ల ఆగి "ఇది కూడా చదవాలా" అన్నారు. ఒక్క మాట వదలొద్దని రాసింది కదండీ అన్నాను. అంతా చదివారు.

అతను అంతా విన్నాడు. విని, పానాలు సంచిలో పెట్టుకుని, "అమ్మా, ఆ యార్డు ఇంజను వద్దని చెప్పేస్తా" అని వెళ్ళిపోయాడు. టీ పెట్టాను, తాగలేదు. గ్లాసు అక్కడే ఉంది.

పాత ఇంజను మొన్నటి నుంచి స్టార్టవడం లేదు. కాబట్టి ఇప్పుడు నాకు పాత ఇంజనూ లేదు, కొత్త ఇంజనూ లేదు, మెకానిక్కూ లేడు. లారీవాడు ఇరవై ఐదు దాకా రానన్నాడు. వేరే కారు అన్నావు. వేరే కారువాడు డయాలసిస్ అంటే రానన్నాడు, దారిలో ఏమైనా అయితే తన మీదికొస్తుందట. మాస్టారు కూరగాయల వ్యానులో బస్తాల మధ్య కూర్చుని వెళ్తున్నారు. దాని మీటరు పనిచెయ్యదు. అదొక్కటే ఆయన బాధ.

ఇక ఆయిలు. గుండు మెకానిక్ ఇవ్వలేదు. నేనే తీశాను, మాస్టారి ఎదురుగా. అడుగు నట్టు విప్పితేగానీ ఆయిలు కిందికి రాదు, ఆ నట్టు మీద నీ చుక్క ఉంది. అందుకని ఆసుపత్రి నర్సుని అడిగి వాడని సెలైన్ గొట్టం, లావు సిరంజీ తెచ్చుకుని, ఇంజను కాస్త వేడిచేసి, ఆయిలు చూసే కడ్డీ తీసిన బొక్కలోంచి లాగాను. సీసా నిండడానికి గంట పట్టింది. చుక్క అలాగే ఉంది. నూట పద్నాలుగూ ఉన్నాయి. మాస్టారు లెక్కపెట్టారు.

ఆయిలు మార్చలేదా అని అడుగుతావేమో. ఎలా మారుస్తాను? ఐదువేల కిలోమీటర్లు తిరిగాక నేనే వచ్చి మారుస్తా, ఎవర్నీ ముట్టుకోనివ్వకు అన్నావు. ఐదువేలకి రాశాను. "పని ఎక్కువగా ఉంది, వస్తా, ముట్టుకోకు" అన్నావు. ఎనిమిదివేలకి రాశాను. "చెప్పానుగా వస్తానని, అన్నిసార్లు అడుగుతావేం" అన్నావు. ఆ రెండు జవాబులూ డాష్‌బోర్డు అరలో ఉన్నాయి. తర్వాత అడగలేదు. అడిగితే కోప్పడతావు. తగ్గినప్పుడల్లా పైనుంచి పోస్తూనే ఉన్నాను. పై మూత మీద చుక్క లేదు.

గుండు మెకానిక్ మూడుసార్లు అన్నాడు, ఆయిలు మారుద్దామమ్మా అని. నీ చుక్క చూపించాను. వంగి చూశాడు. "ఇంకో పనివాళ్ళ చుక్క. ఆవిడ వచ్చి చెరిపితేనే నేను ముట్టుకుంటా" అన్నాడు. వంతెన మీద ఆగాక నేనే విప్పమన్నాను. అప్పుడూ అదే మాట. విప్పకూడదు కాబట్టే మార్చమన్నాడు. బండికి ఇంజనుని పట్టి ఉంచే నట్ల మీద చుక్కల్లేవు, రంగు అయిపోయిందన్నావుగా అప్పుడు. అవి విప్పి, ఇంజనుని అలాగే కిందికి దించి, గోనె చుట్టి, నువ్వు వచ్చేదాకా రేకుల కింద పెడదామన్నాడు. తుక్కు అన్నదెవరో నాకు తెలీదు. నువ్వు కోపంలో రాశావనుకున్నాను.

మాస్టారి నోటుబుక్కు ప్రకారం నువ్వు బిగించినప్పటి నుంచి యాభై ఎనిమిది వేల నాలుగు వందల కిలోమీటర్లు. ఐదువేలకి వస్తానన్నావు.

నామోషీ మాట రాశావు. నీ చేతుల నలుపు ఇంకా నా వరండా స్తంభానికి ఉంది. సున్నం వెయ్యడానికి వచ్చినవాణ్ణి ఆ ఒక్కచోటా వదిలెయ్యమన్నాను.

మోకాలి సంగతి ఎగతాళి కాదు. నిజంగానే అడిగాను.

కారు పక్కన కుర్చీ వేసుకుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

మీ అత్త


జూన్ 22

తప్పు నేను చేశాను.

ఈ ముక్క రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఆ మూడూ "తప్పు నాదే, కానీ" అని మొదలయ్యాయి. నాలుగోదాంట్లో "కానీ" తీసేశాను.

అడుగు నట్టు మీద చుక్క పెట్టకూడదు. ఆ నట్టు ఉన్నదే విప్పడానికి. ఆయిలు ఎప్పటికప్పుడు మార్చాలని ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. నా పుస్తకంలో ఆ పేజీ లేదని రాద్దామనుకుని తీసి చూశాను. ముప్పై రెండో పేజీలో ఉంది. ఆ పేజీ నా దగ్గరుంది. దాని అంచున పెన్సిలుతో గీత కూడా ఉంది, నేను పెట్టిందే.

పెద్దాయన దగ్గరికి సీసా తీసుకెళ్ళాను. ఇది లారీది కాదండీ, మా అత్త కారుది, నేను కట్టిందే అన్నాను. "నడుస్తోందా" అన్నాడు. "లేదండీ" అన్నాను. ఎందుకు అన్నాడు. చుక్క సంగతి చెప్పాను. నన్ను మెషిను మీంచి దించి, సామాన్లు కడిగే తొట్టి దగ్గర పెట్టాడు. రెండు నెలలు. సీసాని తొట్టికి ఎదురుగా అరలో పెట్టాడు. మూత బిగించి, దాని మీద ఎర్రచుక్క ఆయనే పెట్టాడు. షెడ్డులో అందరూ చూశారు. రెండు నెలలయ్యాక నేను మెషిను మీద మొదట ఎక్కించేది మన క్రాంకే అన్నాడు.

బాగుచెయ్యాలా మార్చాలా అంటే, మార్చు. యార్డు ఇంజను ఎక్కించు. ఆరు రోజుల్లో కడతానని రాశాను, అది కోపంలో వేసిన లెక్క. మడ్డి పట్టిన ఇంజనుకి రెండు నెలలు పడుతుంది, నాకు తెలుసు, అప్పుడూ తెలుసు. మాస్టారికి రెండు నెలలు లేవు. వేరే కారు గురించి రాసిన మాట ఆయన పైకి చదివే ఉంటారు. దానికి నేను ఏం రాసినా సరిపోదు, అందుకని రాయడం లేదు. మన ఇంజను దించాక గోనెలో ఉండనీ. బాగుచేసి తెస్తా. తెచ్చాక ఎక్కించుకుంటావో లేదో నీ ఇష్టం.

కింద రాసింది గుండు మెకానిక్ గారికి. ఆయన మళ్ళీ మెట్టు మీద నిలబడక్కర్లేదు. నువ్వూ మాస్టారూ ఆయన షెడ్డుకి వెళ్ళి చదవండి.

గుండు మెకానిక్ గారూ, మిమ్మల్ని దొంగ అన్నాను. మీరు నా చుక్కని నాకంటే ఎక్కువ గౌరవించారు. దొంగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, స్క్రూడ్రైవరు మాట కూడా. మీరు చెవితో విని చెప్పింది నిజం, నేను సీసా చేతిలో పెట్టుకుని కూడా తప్పు చెప్పాను. బల్బు గురించి ఒకటి రాశాను, అది మీరు విని ఉండరు. అత్త వినిపిస్తుంది. అదీ వెనక్కి. యార్డు ఇంజను ఎక్కించాక చుక్కలు మీరు పెట్టండి. అడుగు నట్టుని వదిలెయ్యండి.

అత్తా, ముప్పయ్యో తారీఖు పొద్దున బస్సు దిగుతాను. వస్తానని రాయడం ఇది మూడోసారి కాబట్టి టిక్కెట్టు జిరాక్సు ఇందులో పెట్టాను. మోకాలి డాక్టరు దగ్గరికి నేనూ వస్తా, కానీ నిర్ణయం నన్ను అడగకు. నన్ను అడిగినవాటి సంగతి చూశావుగా.

నూట పదమూడు చుక్కలు నేను వచ్చి చెరుపుకుంటా. అడుగు నట్టు మీదది నువ్వు చెరుపు. నా కోసం ఆగకు. కాగితం చదవడం అవగానే గరుకు కాగితం తీసుకుని కారు కిందికి దూరు. మోకాలు వంగకపోతే గుండు మెకానిక్ గారిని దూరమను.

చుక్క చెరిగిందా, ఆయన పానాల సంచి మళ్ళీ తెచ్చారా, మాస్టారు ఏ రోజు కారెక్కి మీటరు చూసుకుంటారు? ఈ మూడింటికీ ఇరవై ఏడో తారీఖులోగా జవాబు రాయి. తడిగుడ్డతో తుడిచానని రాస్తే ఒప్పుకోను.